హెర్నియా ఆపరేషన్‌లో ఏ జాలీ వేస్తారు? ఆరోగ్యశ్రీ కార్డుదారులు తెలుసుకోవలసిన విషయాలు

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల ప్రజల కోసం

ఈ పత్రం ఎవరి కోసం?

మీకు గానీ, మీ ఇంట్లో ఎవరికైనా గానీ గజ్జల్లో, బొడ్డు దగ్గర, పాత ఆపరేషన్ కోత మీద ఉబ్బు వచ్చిందా? డాక్టరు చూసి "ఇది హెర్నియా, ఆపరేషన్ చేసి జాలీ వేయాలి" అన్నారా? "జాలీల్లో చాలా రకాలున్నయట, మంచిది వేయించుకోవాలంటే పైసలు కట్టాలట" అని ఎవరైనా చెప్పారా? అయితే ఇది మీ కోసమే. ఓపికగా చివరి దాకా చదవండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.

ముందుగా నాలుగు ముఖ్యమైన మాటలు

1. ఏ జాలీ వేయాలనేది దాని ధరను బట్టి కాదు, మీ కడుపు పరిస్థితిని బట్టి ఉంటుంది. ఉబ్బు ఎక్కడుంది, రంధ్రం ఎంత పెద్దది, జాలీని ఏ పొరలో పెడతారు, అక్కడ చీము ఉందా లేదా అన్న నాలుగు విషయాలు చూసి సర్జన్ నిర్ణయిస్తారు.
2. చాలామందికి సరిపోయేది మామూలు పాలీప్రొపిలీన్ జాలీయే. అది తక్కువ రకం కాదు. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది అదే.
3. ఆరోగ్యశ్రీ కింద ఆమోదం వచ్చిన ఆపరేషన్‌కు జాలీ ఖర్చు కూడా ప్యాకేజీలోనే ఉంటుంది. విడిగా పైసలు కట్టనక్కర్లేదు.
4. ఆలస్యం చేస్తే పేగు బిగుసుకుపోయి కుళ్లవచ్చు. అప్పుడు ఏ జాలీ వేయాలన్న ప్రశ్నే ఉండకపోవచ్చు, అసలు జాలీ వేయడమే కుదరకపోవచ్చు.

హెర్నియా అంటే ఏమిటి?

మన పేగులను లోపల పట్టి ఉంచేది పొట్ట కండరాల గోడ. ఆ గోడలో ఒకచోట బలం తగ్గి సందు పడితే, లోపలి కొవ్వు గానీ పేగు గానీ బయటికి తోసుకొస్తుంది. టైరు చిరిగిన చోట లోపలి ట్యూబు ఉబ్బి కనబడినట్లే. మన ఊళ్లలో దీన్ని "పేగు జారింది", "బొడ్డు దిగింది" అంటారు. కొందరు వరిబీజం అని కూడా అంటారు గానీ వరిబీజం వేరు. అందులో వృషణం చుట్టూ నీరు చేరుతుంది, పేగు దిగదు. రెండూ ఒకే తీరుగా కనబడవచ్చు కాబట్టి డాక్టరు చేత్తో చూసి, అవసరమైతే స్కానింగ్ చేసి తేలుస్తారు.

ఎక్కువగా చూసే రకాలు మూడు:

- గజ్జల హెర్నియా: మగవారిలో ఎక్కువ. బస్తాలు మోసేవారికి, ఎప్పుడూ దగ్గుతుండేవారికి, మలవిసర్జనకు, మూత్రానికి ముక్కేవారికి తొందరగా బయటపడుతుంది.
- బొడ్డు హెర్నియా: కాన్పులైన ఆడవారిలో, బరువు ఎక్కువున్నవారిలో చూస్తాం.
- కోత హెర్నియా: సిజేరియన్, గర్భసంచి ఆపరేషన్, పేగు ఆపరేషన్ జరిగిన కోత దగ్గర కొన్ని నెలలకో, ఏళ్లకో వస్తుంది.

పెద్దవారిలో హెర్నియా మందులతో మానదు. బెల్టు కట్టుకుంటే ఉబ్బు కొంచెం సేపు లోపల ఉంటుంది గానీ రంధ్రం మూసుకోదు. వాతలు పెట్టడం, పసరు కట్టడం వల్ల చర్మం పుండుపడి ఆపరేషన్ కష్టమవుతుంది.

కుట్లు వేస్తే చాలదా? జాలీ ఎందుకు?

బలం తగ్గిన చోట అంచులను దగ్గరికి లాగి కుట్లు వేస్తే ఆ కుట్ల మీద ఎప్పుడూ లాగుడు ఉంటుంది. దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు కుట్లు కొంచెం కొంచెం కోసుకుపోతాయి. మళ్లీ సందు పడుతుంది.

జాలీ వేస్తే ఏమవుతుంది? మేస్త్రీ పని చేసేవారికి ఇది తొందరగా అర్థమవుతుంది. గోడకూ పిల్లరుకూ మధ్య పగులు రాకుండా కోళ్ల జాలీ కొట్టి దాని మీద ప్లాస్టరింగ్ చేస్తారు కదా. సిమెంటు జాలీ కన్నుల్లోంచి అవతలికి వెళ్లి గట్టిపడుతుంది. శరీరంలో కూడా అంతే. జాలీ కన్నుల్లోంచి మీ కండే పెరిగి అల్లుకుంటుంది. కొన్ని వారాలకు జాలీ, కండ కలిసి ఒకే గోడ అవుతాయి.

దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. కోత హెర్నియా మీద నెదర్లాండ్స్ సర్జన్లు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్లలో కుట్లు మాత్రమే వేసినవారిలో 100 మందికి 43 మందికి హెర్నియా తిరిగి వచ్చింది. జాలీ వేసినవారిలో 24 మందికి వచ్చింది. అదే రోగులను పదేళ్ల దాకా చూసి 2004లో చెప్పిన లెక్క 63, 32. బొడ్డు హెర్నియా మీద 2018లో వచ్చిన అధ్యయనంలో, 1 నుంచి 4 సెంటీమీటర్ల రంధ్రాలకు కుట్లు వేస్తే 100కు 12 మందిలో, జాలీ వేస్తే 4 గురిలో తిరిగి వచ్చింది.

ఈ లెక్కలను ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. జాలీ వేసినా కొందరికి తిరిగి వస్తుంది. "జాలీ వేస్తే జన్మలో రాదు" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అవకాశం బాగా తగ్గుతుంది, అంతే.

జాలీ దేనితో చేస్తారు?

పోచంపల్లిలో, నారాయణపేటలో, గద్వాలలో మగ్గం మీద చీర నేయడం మీరు చూసే ఉంటారు. ఈ జాలీ నేసింది కాదు, యంత్రం మీద అల్లింది. అందుకే సర్జన్ కావలసిన సైజుకు కత్తిరించినా పోగులు ఊడిపోవు. పోగు దేనితో చేశారన్న దాన్ని బట్టి రకాలు ఇవి:

1. పాలీప్రొపిలీన్. ఎరువు సంచులు, ప్లాస్టిక్ తాళ్లు చేసే జాతి ప్లాస్టిక్కే. కాకపోతే వైద్యానికి పనికొచ్చే శుద్ధమైన రకం. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఫ్రాన్సిస్ అషర్ అనే సర్జన్ 1950ల చివర్లో ప్లాస్టిక్ జాలీలను హెర్నియాకు వాడటం మొదలుపెట్టి, తర్వాత పాలీప్రొపిలీన్‌కు మారారు. అప్పటి నుంచి ఇదే ముందు వరుసలో ఉంది. బలంగా ఉంటుంది, కరగదు, కండ బాగా అల్లుకుంటుంది. దీని ఇబ్బంది ఒక్కటే. పేగుకు నేరుగా తగిలితే పేగుకు అతుక్కుంటుంది. అందుకే దీనికీ పేగుకూ మధ్య శరీరపు పొర ఒకటి ఉండాలి.

2. పాలిస్టర్. బట్టల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో ఉండే జాతి. మెత్తగా ఉండి శరీరం వంపుకు తొందరగా ఒదుగుతుంది. ఇది కూడా పేగుకు నేరుగా తగలకూడదు.

3. సాగదీసిన టెఫ్లాన్. నల్లా బిగించేటప్పుడు చుట్టే తెల్ల టేపు ఉంటుంది కదా, ఆ జాతి. పేగుకు అంతగా అతుక్కోదు. కానీ దీని కన్నులు కంటికి కనబడనంత చిన్నవి. ఆ కన్నుల్లోకి సూక్ష్మక్రిములు దూరగలవు, వాటిని చంపే మన రక్తకణాలు దూరలేవు. అందుకే దీనికి చీము పడితే చాలాసార్లు జాలీని తీసేయవలసి వస్తుంది.

4. రెండు ముఖాల జాలీ. దీన్ని కాంపోజిట్ మెష్ అంటారు. ఒక ముఖం పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్, అది కండ వైపు ఉంటుంది. రెండో ముఖానికి అతుక్కోని పూత ఉంటుంది, అది పేగు వైపు ఉంటుంది. కడుపు లోపల పేగుల పక్కనే జాలీ పెట్టవలసి వస్తే ఇది కావాలి. ధర ఎక్కువ. అవసరం లేని చోట దీన్ని వేస్తే అదనపు లాభం ఏమీ ఉండదు.

5. కరిగిపోయే జాలీ, జంతువుల నుంచి తీసిన జాలీ. వీటిని అరుదుగా వాడతారు. విక్రిల్ జాతి దారంతో చేసిన జాలీ రెండు మూడు నెలల్లో కరిగిపోతుంది కాబట్టి హెర్నియా మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ప్రమాదం గడిచేదాకా అడ్డుగా మాత్రమే పనికొస్తుంది. పంది, ఆవు చర్మం నుంచి శుద్ధి చేసి తయారుచేసే జాలీలూ ఉన్నాయి. కొన్ని కాంపోజిట్ జాలీల పూత కూడా జంతువుల నుంచి తీసిందే. మీ మతాచారం ప్రకారం అభ్యంతరం ఉంటే సిగ్గుపడకుండా ఆపరేషన్‌కు ముందే చెప్పండి.

బరువైన జాలీ, తేలిక జాలీ అంటే?

ఒక చదరపు మీటరు జాలీ ఎన్ని గ్రాములు తూగుతుందో చూసి ఈ పేర్లు పెట్టారు. పాత రకం జాలీలు 90 నుంచి 100 గ్రాముల దాకా ఉంటాయి. తేలికవి 35 నుంచి 50 గ్రాములు. తేలిక జాలీ వేస్తే లోపల బిరుసుగా, ఏదో ఉన్నట్లుగా అనిపించడం కొంత తగ్గవచ్చు. కానీ కెమెరా ఆపరేషన్లలో పెద్ద గజ్జల హెర్నియాకు మరీ తేలిక జాలీ వేస్తే తిరిగి వచ్చే అవకాశం కొంచెం ఎక్కువని తేలింది. కాబట్టి "తేలికదే మంచిది" అనుకోవద్దు, "బరువైనదే గట్టిది" అని కూడా అనుకోవద్దు.

బరువు కన్నా కన్నుల సైజు ముఖ్యం. కన్ను ఒక మిల్లీమీటరు కన్నా పెద్దగా ఉంటే కండ మంచిగా అల్లుకుంటుంది, లోపల గట్టి పలకలాగా తయారవదు. చీము పడ్డా మందులతో, కట్లతో చాలాసార్లు జాలీని కాపాడుకోవచ్చు.

ఏ జాలీ ఎవరికి? మూడు ఉదాహరణలు

ఇవి ఊహించి చెప్పినవి. ఇలాంటి కేసులు మన దగ్గర మామూలుగా వస్తుంటాయి.

మొదటి ఉదాహరణ. మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. వయసు 45. కుడి గజ్జలో ఉబ్బు, పడుకుంటే లోపలికి పోతుంది. ఇతనికి మామూలు పాలీప్రొపిలీన్ జాలీ చాలు. కోత పెట్టి చేస్తే సుమారు 7.5 × 15 సెంటీమీటర్ల ముక్క వేస్తారు. కెమెరాతో చేస్తే కనీసం 10 × 15 ముక్క కావాలి. రెండు పద్ధతుల్లోనూ జాలీకి, పేగుకు మధ్య పొర ఉంటుంది కాబట్టి రెండు ముఖాల ఖరీదైన జాలీ అక్కర్లేదు.

రెండో ఉదాహరణ. అచ్చంపేట దగ్గర పత్తి చేలో పనిచేసే అమ్మ. వయసు 50. గర్భసంచి ఆపరేషన్ కోత మీద ఉబ్బు. లోపలి రంధ్రం 6 సెంటీమీటర్లు. షుగరు ఉంది. కోత హెర్నియాకు జాలీ రంధ్రం అంచు దాటి అన్ని వైపులా 5 సెంటీమీటర్ల దాకా పరుచుకోవాలి. లెక్క వేయండి: 6 + 5 + 5 = 16. అంటే 15 × 15 ముక్క కూడా సరిపోదు, ఇంకా పెద్దది కావాలి. కండరం వెనక పొరలో పెడితే పెద్ద కన్నుల మామూలు పాలీప్రొపిలీన్ చాలు. కెమెరాతో కడుపు లోపల, పేగుల వైపు పెడితే మాత్రం రెండు ముఖాల జాలీయే వేయాలి. చూశారు కదా, మనిషి ఒక్కరే, రంధ్రం ఒక్కటే. పెట్టే చోటు మారితే జాలీ మారుతుంది. ముందుగా షుగరు అదుపులోకి తేవాలి, అది వేరే సంగతి.

మూడో ఉదాహరణ. దేవరకొండ వైపు తండాలో ఉండే పెద్దాయన. నాలుగేళ్లుగా గజ్జల్లో ఉబ్బు. "నొప్పి లేదు కదా" అని ఊరుకున్నారు. ఒకరోజు ఉబ్బు లోపలికి పోలేదు. గట్టిపడింది, వాంతులయ్యాయి. ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి సూదితో రెండు రోజులు గడిపారు. దవాఖానకు వచ్చేసరికి పేగు నల్లబడింది. నల్లబడ్డ పేగు ముక్క కోసి తీసేయాలి. అలా మలినమైన చోట ప్లాస్టిక్ జాలీ పెడితే చీము పట్టే ప్రమాదం ఉంటుంది. కాబట్టి సర్జన్ కుట్లతోనే సరిపెట్టవచ్చు. ప్రాణం దక్కుతుంది గానీ హెర్నియా మళ్లీ వచ్చే అవకాశం మిగిలి ఉంటుంది. ఇదే పెద్దాయన ముందు వచ్చి ఉంటే మొదటి ఉదాహరణలోని హమాలీ లాగే మామూలు జాలీతో పని అయిపోయేది.

ధర ఎక్కువైతే జాలీ మంచిదా?

దీనికి జవాబు మన దేశం నుంచే వచ్చింది. మహారాష్ట్రలోని దొండాయిచా అనే చిన్న పట్టణంలో డాక్టర్ రవీంద్రనాథ్ తోంగావ్‌కర్ అనే సర్జన్ పేదలు కంపెనీ జాలీ కొనలేకపోవడం చూశారు. దోమతెర గుడ్డను పరీక్ష చేయించి, శుద్ధి చేయించి హెర్నియాకు వాడారు. ఇతర సర్జన్లతో కలిసి ఫలితాలను 2003లో ప్రచురించారు. ఆ తర్వాత ఆఫ్రికాలోని ఉగాండాలో 302 మంది మగవారి మీద పరీక్ష జరిగింది. సగం మందికి సుమారు 1 డాలరు ఖరీదు చేసే దోమతెర జాలీ, మిగతా సగం మందికి సుమారు 125 డాలర్ల కంపెనీ జాలీ వేశారు. ఏడాది తర్వాత చూస్తే దోమతెర జాలీ వేసినవారిలో ఒక్కరికి తిరిగి వచ్చింది, కంపెనీ జాలీ వేసినవారిలో ఎవరికీ రాలేదు. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదు. ఆ ఫలితం 2016లో వెలువడింది.

దీన్ని బట్టి బజారులో దోమతెర కొని తెచ్చుకోమని కాదు అర్థం. శుద్ధి సరిగా లేని గుడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. మన దవాఖానల్లో శుద్ధి చేసి సీలు వేసిన ప్యాకెట్ జాలీయే వాడాలి. ఆ కథ చెప్పేది ఇదీ: ఫలితాన్ని నిర్ణయించేది ప్యాకెట్ మీది ధర కాదు. సరైన జాతి పోగు, సరైన సైజు, సరైన పొర, శుభ్రమైన ఆపరేషన్ థియేటర్, చెయ్యి తిరిగిన సర్జన్. కాబట్టి "ఫారిన్ జాలీ" కోసం పుస్తెలు కుదువపెట్టవద్దు, మిత్తికి అప్పు చేయవద్దు.

ఆరోగ్యశ్రీలో ఎలా జరుగుతుంది?

ఆరోగ్యశ్రీ మొదలైంది మన దగ్గరే. 2007 ఏప్రిల్ 1న మొదటి విడతలో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభించారు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు.

మీరు చేయవలసినవి వరుసగా:

1. ఆహార భద్రత కార్డు, ఆధార్ కార్డు, పాత ఆపరేషన్ కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు ఒక సంచిలో పెట్టుకోండి.
2. ముందు మీ దగ్గరి ప్రభుత్వ దవాఖానలో చూపించుకోండి. ప్రభుత్వ వైద్య కళాశాలలు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022 నుంచి ఉన్నాయి. వాటి దవాఖానల్లో సర్జరీ విభాగాలున్నాయి. మామూలు హెర్నియాకు పట్నం పోవలసిన అవసరం లేదు.
3. నెట్‌వర్క్ దవాఖానకు పోతే ముందుగా ఆరోగ్యమిత్ర కౌంటర్‌కు వెళ్లండి. "నా హెర్నియా ఆపరేషన్ ఈ దవాఖానలో ఆరోగ్యశ్రీ కింద అవుతుందా?" అని అడిగి, అవునంటేనే చేరండి.
4. దవాఖాన వారు మీ వివరాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో పంపి ముందస్తు ఆమోదం తీసుకుంటారు. ఆమోదం వచ్చిందా లేదా అని ఆరోగ్యమిత్రను అడగండి. ప్రాణం మీదికి వచ్చిన కేసుల్లో ఫోన్ ద్వారా కూడా ఆమోదం ఇస్తారు.
5. ఆమోదం వచ్చాక పరీక్షలు, ఆపరేషన్, మత్తు, జాలీ, మందులు, బెడ్ అన్నీ ప్యాకేజీలోనివే. ఇంటికి వెళ్లాక 10 రోజుల మందులు కూడా అందులోనే. ఇంటికి వెళ్లిన తర్వాత 30 రోజుల లోపు ఆ ఆపరేషన్ వల్ల ఇబ్బంది వస్తే ఆ చికిత్సకు కూడా మీరు పైసలు కట్టనక్కర్లేదు.

"జాలీకి వేరే కట్టాలి" అని ఎవరైనా అడిగితే గొడవ పడవద్దు. ఎందుకు, ఎంత, ఏ రకం జాలీ అన్నది కాగితం మీద రాసివ్వమని నెమ్మదిగా అడగండి. ఆరోగ్యమిత్రకు చెప్పండి. 104కు ఫోన్ చేయండి. పని కాకపోతే జిల్లా కోఆర్డినేటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఖాళీ కాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ పెట్టవద్దు.

డాక్టరు గారిని అడగవలసిన ఆరు ప్రశ్నలు

ఈ ప్రశ్నలు అడగడం మీ హక్కు. మర్యాదగా అడిగితే ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు.

1. నా రంధ్రం ఎన్ని సెంటీమీటర్లు ఉంది సార్?
2. కోతతో చేస్తారా, కెమెరాతో చేస్తారా?
3. జాలీ ఏ పొరలో పెడతారు? పేగుకు తగులుతుందా?
4. ఏ జాతి జాలీ, ఎంత సైజు?
5. నాకు షుగరు ఉంది, బీడీ తాగుతా. ముందు ఏం చేసుకొని రావాలె?
6. ఎన్ని రోజులకు పనికి పోవచ్చు?

కంపెనీ పేరు అడగనక్కర్లేదు. మూడో ప్రశ్నకు జవాబు తెలిస్తే నాలుగో దానికి కారణం మీకే అర్థమవుతుంది.

ఇంకొకటి గుర్తుంచుకోండి. జాలీ ప్యాకెట్‌లో బ్యాచ్ నంబరు, సైజు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి కేస్ షీట్‌లో అతికిస్తారు. డిశ్చార్జ్ కాగితం మీద కూడా ఒకటి అతికించమని అడగండి, లేదా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పదేళ్ల తర్వాత ఏదైనా ఆపరేషన్ అవసరమైతే లోపల ఏముందో ఆ డాక్టరుకు తెలుస్తుంది. జాలీ వల్లనే ఇబ్బంది వచ్చిందని అనుమానం ఉంటే చెప్పుకోవడానికి వైద్య పరికరాల భద్రత చూసే జాతీయ కార్యక్రమం 2015 నుంచి నడుస్తోంది. దాని టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024.

ఆపరేషన్‌కు ముందు మీ చేతిలో ఉన్న పని

జాలీ ఎంత మంచిదైనా ఈ పనులు చేయకపోతే నిలవదు.

- బీడీ, సిగరెట్, గుట్కా కనీసం నాలుగు వారాల ముందు మానేయండి. పొగ వల్ల గాయం మానదు, దగ్గు వల్ల కుట్లు లాగుతాయి.
- షుగరు అదుపులోకి తెచ్చుకోండి. షుగరు ఎక్కువుంటే జాలీకి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.
- దగ్గు, మలబద్ధకం, మూత్రం ఆగి ఆగి రావడం ఉంటే ముందు వాటికి మందు తీసుకోండి.
- పొట్ట చుట్టూ చర్మం మీద పుండ్లు, గజ్జి, తామర ఉంటే మానిన తర్వాతే రండి.
- రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు.

ఇంటికి వచ్చిన తర్వాత

ఆపరేషన్ రోజు సాయంత్రమో, మరుసటి రోజో నెమ్మదిగా నడవాలి. నెల రోజులు మంచం దిగకూడదు అన్న మాట తప్పు. గజ్జల హెర్నియాకు ఒకటి రెండు వారాల్లో తేలిక పనులు చేసుకోవచ్చు. బస్తాలు, సిమెంటు, నీళ్ల బిందెలు ఎత్తడం 4 నుంచి 6 వారాలు ఆపాలి. పెద్ద కోత హెర్నియాకు ఇంకా ఎక్కువ రోజులు పట్టవచ్చు. ముంబయి, పుణె పనులకు వలస పోయేవారు ఆ వారాలు లెక్క చూసుకొని ఆపరేషన్ తేదీ పెట్టుకోండి. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని, పదో రోజే పనికి ఎక్కి బరువులెత్తితే చేసిన పని పాడవుతుంది.

ఈ కింది వాటిలో ఏది కనబడినా ఆపరేషన్ చేసిన దవాఖానకే వెంటనే వెళ్లండి: జ్వరం, కోత దగ్గర ఎర్రబడి వేడిగా ఉండటం, చీము, వాసన వచ్చే నీరు, కడుపు ఉబ్బడం, వాంతులు, ఉబ్బు మళ్లీ కనబడటం. కోత కింద కొంచెం నీరు చేరి మెత్తగా ఉబ్బడం చాలామందిలో జరుగుతుంది, అది ఎక్కువగా దానంతటదే తగ్గుతుంది. ఊళ్లో సూదితో తీయించవద్దు. ఆ సూది వల్ల జాలీకి చీము పట్టవచ్చు.

గజ్జల ఆపరేషన్ తర్వాత సుమారు పది మందిలో ఒకరికి మూడు నెలలు దాటినా నొప్పి ఉంటుంది. దీన్ని దాచవద్దు, డాక్టరుకు చెప్పండి. దీనికి చికిత్స ఉంది.

జనం అడిగే ప్రశ్నలు

జాలీ లోపల తుప్పు పడతదా? కరిగిపోతదా?
పాలీప్రొపిలీన్ ఇనుము కాదు, తుప్పు పట్టదు. కరగదు. జీవితాంతం ఉంటుంది. ఎమ్మారై స్కానింగ్‌కు కూడా అడ్డు కాదు. కెమెరా ఆపరేషన్లలో జాలీని పట్టి ఉంచే చిన్న పిన్నులు కొన్ని లోహానివి ఉంటాయి కాబట్టి స్కానింగ్‌కు ముందు కాగితం చూపించండి.

చిన్నపిల్లలకు కూడా జాలీ వేస్తరా?
వేయరు. పిల్లల గజ్జల హెర్నియాకు చిన్న ఆపరేషన్‌తో సంచిని కట్టేస్తే చాలు. కానీ ఆలస్యం చేయవద్దు. పసిపిల్లల బొడ్డు ఉబ్బు మాత్రం నాలుగైదేళ్ల లోపు చాలామందిలో దానంతటదే పోతుంది. బిళ్ల పెట్టి కట్టవద్దు.

ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నం. బొడ్డుకు జాలీ వేయించుకోవచ్చా?
డాక్టరుకు ముందే చెప్పండి. ఇబ్బంది లేకపోతే కాన్పుల తర్వాత చేద్దామని చెప్పవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు జాలీ దగ్గర లాగుడు, నొప్పి రావచ్చు.

నొప్పి లేదు. ఆగొచ్చా?
మగవారికి గజ్జల్లో చిన్న ఉబ్బు ఉండి, ఏ ఇబ్బందీ లేకపోతే డాక్టరు సలహాతో కొంతకాలం చూడవచ్చు. ఆడవారికి గజ్జల్లో వస్తే ఆగకూడదు. వారిలో పేగు బిగుసుకునే ప్రమాదం ఎక్కువ.

ఎప్పుడు 108కు ఫోన్ చేయాలె?
ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి వచ్చి, వాంతులు అయితే, లేదా గ్యాస్, మలం ఆగిపోతే ఒక్క గంట కూడా ఆగవద్దు. బలవంతంగా లోపలికి నొక్కవద్దు. ఏమీ తినిపించవద్దు. 108కు ఫోన్ చేయండి. రాత్రి అని, కార్డు దొరకలేదని ఆగవద్దు. ముందు దవాఖానకు చేరండి, కాగితాలు తర్వాత.

చివరగా

జాలీని సర్జన్ ఎంచుకుంటారు. ఎప్పుడు రావాలన్నది మాత్రం మీరే ఎంచుకుంటారు. ఉబ్బు మెత్తగా ఉండి, పడుకుంటే లోపలికి పోతున్న రోజుల్లోనే వస్తే మామూలు జాలీతో, పైసా ఖర్చు లేకుండా, మన జిల్లాలోనే పని అవుతుంది. మీ వాడలో బెల్టు కట్టుకొని తిరిగే పెద్దమనిషి, కొంగు చాటున ఉబ్బు దాచుకునే అమ్మ ఎవరైనా ఉంటే వారికి ఈ పత్రం పంపండి. మీ ఆశా కార్యకర్తకూ పంపండి.

గుర్తుంచుకోవలసిన నంబర్లు: ఆరోగ్యశ్రీ సమాచారం, ఫిర్యాదులకు 104. అంబులెన్స్‌కు 108.